పై వాటాలో ఎవరైనా ఉంటారా

మేం ఇల్లు కొనుక్కున్న ఆ ఎండాకాలం మా సామాను ఒక్కటి కూడా కదల్లేదు. మంచాలు వేసిన చోటే ఉన్నాయి. పొయ్యి, బీరువా, పిల్ల రాసుకునే బల్ల, గోడకి కొట్టిన మేకులు, అన్నీ ఎక్కడివక్కడే. మేం కొన్నది మేం అద్దెకుంటున్న ఇల్లే మరి. కదిలింది అత్తయ్య ఒక్కతే.

అత్తయ్యంటే చుట్టం కాదు, ఇంటావిడ. పై వాటాలో తను, కింది వాటాలో మేము. నేనూ ఆవిడని అత్తయ్యా అనేదాన్ని, మా ఆయనా అత్తయ్యా అనేవాడు. ఒకే మనిషి మొగుడికీ పెళ్ళానికీ కూడా అత్తయ్య ఎలా అవుతుందని మా అమ్మాయి మమ్మల్ని నిలదీసేది. దానికి మాత్రం ఆవిడ పై అమ్మమ్మ. బడి నుంచి రాగానే సంచి కింద పడేసి మెట్లెక్కేసేది. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి దానికి మొహం కడిగి, జడలు వేసి, లెక్కలు చేయించి పెట్టేది ఆవిడ. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరం ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయేది.

అత్తయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోను ఎక్స్ఛేంజీలోనే చేసింది. ఊళ్ళో జనమంతా ఆవిడ చేతిమీదుగానే మాట్లాడుకున్న కాలం ఒకటి ఉండేదట. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "నాకు కలపాలనుకున్నప్పుడల్లా లైను ఎంగేజి" అని నవ్వేసేది. ఆ ఉద్యోగం నుంచి ఆవిడకి రెండు అలవాట్లు మిగిలిపోయాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో చచ్చినా నోరు పెట్టేది కాదు. ఫోను అవతలివాళ్ళు పెట్టేదాకా తను పెట్టేది కాదు.

ఆ రెండోది మాకు మా ఇంటి ఫోను వల్లే బాగా తెలిసింది. ఎక్కడో పాత లిఫ్టు పీకేస్తే అందులోని రెండు ఫోన్లు మా ఆయన ఇంటికి తెచ్చి, ఒకటి పైన ఆవిడ మంచం పక్కన, ఒకటి మా వంటగదిలో బిగించి మధ్యలో తీగ లాగాడు. ఇక చూడండి ఆవిడ సంబరం. గణగణా మోగేది. ఎత్తితే "కింది వాటాగారా? మీకో కాల్ ఉంది, మాట్లాడతారా?" అనేది. "ఎవరండీ?" అంటే "పై వాటా అండీ" అని గొంతు మార్చేది. మా పిల్ల ఎలాగైనా ఆవిడ చేత ముందు ఫోను పెట్టించాలని పంతం పట్టేది. మాట్లాడకుండా రిసీవరు పట్టుకుని కూర్చునేది. పైనుంచి కూడా చప్పుడుండదు. చివరికి చెయ్యి లాగి ఇదే పెట్టేసేది. ఒక్కసారి కూడా గెలవలేదు.

ఇంతా చేసి మా ముగ్గురికీ ఉన్న జబ్బు ఒకటే, మొహమాటం. ఒక ఏడాది ఆవిడ తన టేబుల్ ఫ్యాను మాకిచ్చింది. అది రోడ్డు రోలరు కన్నా ఎక్కువ చప్పుడు చేసేది. తీసేస్తే నొచ్చుకుంటుందేమోనని మేం వేసవంతా దాన్ని తిప్పాం. ఆ మోతకి పైన ఆవిడకీ నిద్ర లేదు. చెబితే పాపం గాలి లేకుండా అయిపోతారేమోనని ఆవిడ ఊరుకుంది. ఒకరోజు కరెంటు పోయి అందరం హాయిగా నిద్రపోయాం కాబట్టి మర్నాడు సంగతి బయటపడింది. నవ్వుకుని కళ్ళు తుడుచుకున్నాం. నవ్వుకున్నామే గానీ నేర్చుకున్నది ఏమీ లేదు.

మేం ఇల్లు కొన్న ఏడాది, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. నేను మెట్ల మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే అత్తయ్య వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నానే" అంది.

నా చేతిలో బట్టలు చేతిలోనే ఉండిపోయాయి.

"కంగారు పడకు. బయటివాళ్ళకి కాదు. ఆ కప్పు చూశావుగా, బాగుచేయించాలి. మోటారు చూస్తే రోజు మార్చి రోజు మొరాయిస్తుంది. పన్నులు, రిపేర్లు, వీటి వెంట తిరగడం ఇక నా వల్ల కాదు. మీకిచ్చేస్తే నాకే దిగులూ ఉండదు."

"మేమెక్కడ కొనగలం అత్తయ్యా?"

"కొనగలిగే ధరే చెప్తాలే."

కాసేపు మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుంది. తర్వాత ఎటో చూస్తూ అంది: "మా తమ్ముడి కొడుకు రమ్మంటున్నాడు. టైర్ల కొట్టు బాగా నడుస్తోందట. పెద్ద ఇల్లు కట్టాడు."

"మంచివాడు అత్తయ్యా" అన్నాను.

"మంచివాడే" అంది.

రమ్మంటున్నాడని చెప్పిన మనిషి వెళ్తున్నానని అనలేదు. ఆ తేడా నాకు ఆ మెట్ల మీద తట్టి ఉంటే ఈ కథ లేదు. మా వాళ్ళు మాట్లాడే తీరే అంత. ఎవరో రమ్మంటున్నారని చెప్పడం, ఎదుటివాళ్ళు "మీరెక్కడికి వెళ్తారు, బాగుంది సంబడం" అంటారేమోనని చూడడం. నేనూ నా జీవితంలో ఎన్నోసార్లు అలా చెప్పి ఎదురుచూసిన దాన్నే. నా దాకా వచ్చేసరికి మాత్రం చెవులు పనిచేయలేదు.

ఆవిడ చెప్పిన ధర బజారు ధరకి బాగా తక్కువ. బ్యాంకులో అప్పు పుట్టేంత తక్కువ. మా మీద అభిమానం అనుకున్నాం. అభిమానమే, కాదనను. కానీ ఆ ధరలో ఆవిడ పై వాటా కూడా కలిసి ఉందని, బతికినన్నాళ్ళు అక్కడే ఉంటాననుకునే అంత తగ్గించిందని మాకెవరూ చెప్పలేదు. ఆవిడైతే అసలే చెప్పదు.

ఒకరోజు మా ఆయన షర్టుకి బొత్తాం కుడుతూ, "ఆవిడ వెళ్ళిపోతే ఇంట్లో ఏమీ తోచదండీ" అన్నాను.

"నాకు మాత్రం తోస్తుందా?" అన్నాడు. "కానీ ఏమని అడుగుతాం? ఇల్లు అంత తక్కువకి ఇస్తోంది. ఇప్పుడు ఉండిపొమ్మంటే పిల్లని చూసుకోడానికి మనిషి కావాలని అడిగినట్టుంటుంది. పైగా మనం అడిగితే ఆవిడ కాదనలేదు. మొహమాటానికి ఉండిపోతుంది. అక్కడ సొంతవాళ్ళు పిలుస్తున్నారు. పోనీ ఉండాలని ఉంటే ఆవిడే అంటుందిగా."

"అవును, అంటుంది" అన్నాను.

అదే సమయంలో మా నెత్తిమీద, ఆ పై వాటాలో, ఆవిడ కూడా ఇదే అనుకుంటూ కూర్చుందని తర్వాత అర్థమైంది. ఉంచుకోవాలని ఉంటే వాళ్ళే అంటారుగా అని.

బ్యాంకువాళ్ళు ఒక లాయరు దగ్గరికి పంపారు. సన్నగా, శుభ్రంగా ఉన్న మనిషి. మాస్టారు పాఠం చెప్పినట్టు ఓపికగా మాట్లాడేవాడు.

"సంతకాల రోజంటే చాలామంది కంగారు పడతారు. అందులో ఏమీ లేదు. బ్యాంకు డబ్బు ఆవిడకి వెళ్తుంది, ఆవిడ సంతకం పెడతారు, మీరు పెడతారు, తాళాలు చేతులు మారతాయి. ఆ నిమిషం నుంచి ఇల్లు మీది. కష్టమంతా ఆ నిమిషానికి ముందే. ముందురోజు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకోండి. తలుపులు, కుళాయిలు, కరెంటు. ఏవి వదిలి వెళ్తారు, ఏవి పట్టుకెళ్తారు అడగండి. మీలో మీరు ఏ మాట ఇచ్చిపుచ్చుకున్నా సంతకానికి ముందే నాకు చెప్పండి, రాసేద్దాం. తర్వాత అయ్యో అనుకున్నా లాభం లేదు."

"మా మధ్య అలాంటివేం లేవండీ. అత్తయ్య మాకు సొంత మనిషి" అన్నాడు మా ఆయన.

"సొంతవాళ్ళయితే ఇంకో రెండుసార్లు అడగండి" అన్నాడు లాయరు. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వాం.

సంతకాలకి ఇంకా రెండు వారాలుందనగా అత్తయ్య సామాను పంచడం మొదలుపెట్టింది. పెద్ద బీరువా ఇస్త్రీ అతనికి ఇచ్చేసింది. కుర్చీలు రెండు ఎవరికో పంపింది. గిన్నెల్లో సగం నాకే వచ్చాయి. ప్రయాణానికి బరువు దించుకుంటోందని నేను అనుకున్నాను. "ఎందుకత్తయ్యా ఇవన్నీ, మీకు కావాలి కదా" అంటే "ఒక్కదానికి ఎన్ని గిన్నెలే" అనేది. అది ఎక్కడికో వెళ్ళే మనిషి మాటలాగానూ ఉంది, ఒక మూల సర్దుకుని బతికే మనిషి మాటలాగానూ ఉంది. నేను మొదటిదే విన్నాను.

కాగితాలు చదవాలని నా చేత కొత్త కళ్ళజోడు చేయించుకుంది. "ప్రతి ముక్కా చదివే పెడతానే సంతకం. ఊరందరి మాటలూ విన్నదాన్ని, నా మాట నేను చూసుకోవద్దూ?" అంది. ఆ అద్దాలు నేనే అరగదీశాను. అంచులు మూడుసార్లు చూసుకున్నాను. ఎక్కడా గీత పడకుండా, ముక్కు మీద బరువు తెలియకుండా, అంత బాగా నేను మళ్ళీ ఎవరికీ చేయలేదు.

సంతకాలకి ముందురోజు సాయంత్రం ఇల్లు చూసుకోవాలి. మాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు ఉన్న ఇంట్లో, ఆవిడ ముందు, కుళాయిలు తిప్పి చూడడమేమిటి? వద్దులే అనుకున్నాం. ఆవిడే ఒప్పుకోలేదు. "చూసుకోవాలి. కొనేవాళ్ళు చూసుకోవాలి. రండి" అని చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్ళింది. పిల్ల మా ముందు పరిగెత్తింది.

పైన రెండు గదులు. వీధి వైపు పెద్దది, మెట్ల పక్కన చిన్నది. పెద్ద గది ఖాళీగా ఉంది. గోడలకి లేత ఆకుపచ్చ సున్నం కొత్తగా వేయించింది. ఆ రంగు మా పిల్లకి ఇష్టం. ఆవిడ మంచం చిన్న గదిలోకి మారింది. దాని పక్కన స్టూలు, పైన గోడకి ఫోను. సున్నం వేసినవాడి చేత దాన్నీ ఇటు మార్పించుకుంది.

"పిల్ల పెద్దదవుతోంది, చదువుకోడానికి దానికో గది ఉండాలి" అంది అత్తయ్య. "నాకు ఈ చిన్నది చాలు."

ఈ నాలుగు రోజులకీ అనుకున్నాను నేను.

మా ఆయన మొహమాటపడుతూనే ఒక కుళాయి తిప్పాడు, ఒక స్విచ్చి వేశాడు. కిటికీ దగ్గర అత్తయ్య ఆగింది. "ఈ గడి బిగుసుకుపోతుంది. దీనికో కిటుకుంది. పైకెత్తి తొయ్యాలి. మీ వల్ల కాదులే, నేను తీస్తాను."

"ఎందుకత్తయ్యా మీకు శ్రమ? నూనె వేస్తే చాలు. నేను చూసుకుంటాను" అన్నాడు మా ఆయన. ఆవిడకి ఇక ఈ ఇంటి బాధలేవీ వద్దని ఆయన ఉద్దేశం.

"ఓహో" అంది ఆవిడ. కిటికీ మీద చెయ్యి తీసేసింది. "మరి ఈ ఫోను?"

"మీ ఇష్టం. ఉంచమంటే ఉంచుతాను, లేదంటే గోడ పాడవకుండా విప్పేస్తాను."

"ఉండనీ" అంది. "ఉంటే మంచిదేగా?" అంది నా వైపు చూస్తూ.

"ఉంటే మంచిదే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. పిల్లని దగ్గరికి లాక్కుని, ఈ గోడకి నీ బొమ్మలు అంటించుకో, ఆ మూల బల్ల వేసుకో అని మొదలుపెట్టింది. ఆవిడ అంత సంతోషంగా ఉందంటే వెళ్ళడం ఆవిడకి ఇష్టమేనన్నమాట, నేను ఉండమని బలవంతపెట్టకపోవడమే మంచిదైంది అనుకుంటూ మెట్లు దిగాను. ఇంత తెలివి నాకెక్కణ్నుంచి వచ్చిందో తెలియదు.

మర్నాడు లాయరు ఆఫీసులో ఫ్యాను కింద నలుగురం కూర్చున్నాం. పిల్ల బడికి వెళ్ళింది. అత్తయ్య ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. బ్యాంకు నుంచి డబ్బు వచ్చేసినట్టు లాయరు చెప్పాడు. కాగితాలు ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ చదవడం మొదలుపెట్టింది. వేలు పెట్టి, వరస తప్పకుండా, ఒక్కో పేజీ చదివింది. చివరి పేజీ అయ్యాక మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. మళ్ళీ చదివింది. ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి చూసింది. దేనికోసమో వెతుకుతున్నట్టుంది. నాకు వేరే భయం పట్టుకుంది, అద్దాల నంబరు ఏమైనా తేడా వచ్చిందేమోనని.

"అద్దాలు సరిపోయాయా అత్తయ్యా?" అన్నాను.

"బాగా కనిపిస్తోందే" అంది. తలెత్తలేదు. "అన్నీ కనిపిస్తున్నాయి."

"ఏమైనా సందేహమా అమ్మా?" అన్నాడు లాయరు.

"ఏం లేదు బాబూ. పై వాటా సంగతి..."

"నేనూ అదే అడగబోతున్నాను. పై వాటాలో ఎవరైనా ఉంటారా? ఉండేటట్టయితే చెప్పండి, రెండు లైన్లు రాస్తే సరిపోతుంది. బ్యాంకువాళ్ళకి కూడా అభ్యంతరం ఉండదు. ఎవరూ ఉండకపోతే ఖాళీగా అప్పగించినట్టు ఇలాగే ఉంచుతాను."

ఆ ప్రశ్న ఎవరినీ చూసి అడగలేదాయన. కలం పట్టుకుని కాగితం వైపు చూస్తూ అడిగాడు. అత్తయ్య నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. సామాను ఇంకా కదలలేదని ఆవిడ ఇబ్బంది పడుతోందని ఆయన అనుకున్నాడు. ఆవిడని ఆ ఇబ్బంది నుంచి తప్పించాలని గబగబా చెప్పేశాడు.

"లేదండీ, ఎవరూ ఉండరు. అత్తయ్యగారు వాళ్ళ మేనల్లుడి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. రెండు రోజులు అటూ ఇటూ అయినా మాకేం ఫరవాలేదు."

"అయితే మంచిది" అన్నాడు లాయరు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో నోరు పెట్టడం ఆవిడకి చేతకాదు. మాట పూర్తయ్యేదాకా ఆగింది. పూర్తయ్యాక ఇక చెప్పడానికి ఏం మిగిలింది?

"అవును బాబూ. ఖాళీ చేసేస్తాను" అంది.

సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, ఒకదాని పక్కన ఒకటి. తర్వాత సంచిలోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. అందులోంచి పై వాటా తాళంచెవి ఒకటి విడిగా తీసి చేతిలో పట్టుకుని ఉంది. దాన్నీ మళ్ళీ గుత్తికే తగిలించి మా ఆయన వైపు జరిపింది.

"ఎంత టైమైనా తీసుకోండి అత్తయ్యా" అన్నాడు మా ఆయన.

"టైమెందుకురా అబ్బాయ్? సామానంతా మీ ఇంట్లోనే ఉందిగా" అంది. అందరం నవ్వాం. లాయరు కూడా నవ్వాడు. ఆవిడ కొత్త కళ్ళజోడు తీసి, మడిచి, గుడ్డ చుట్టి డబ్బాలో పెట్టుకుంది. నా పనితనానికి ఇచ్చే మర్యాద అనుకున్నాను.

ఆ వారంలో ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. సర్దుకుంటోంది కదా, తీరిక ఉండదనుకున్నాను. నేను చేస్తే మాత్రం ఎత్తేది. "ఏం కావాలే?" అనేది. ఏమీ లేదు అత్తయ్యా, ఊరికే అనేదాన్ని. పిల్ల బడి నుంచి రాగానే ఆవిడే మెట్లు దిగి వచ్చేది. పైకి రానిచ్చేది కాదు, దుమ్ముగా ఉందనేది.

వానలు మొదలయ్యే ముందు ఒక ఉక్కపోత రోజున మేనల్లుడు కారు వేసుకుని వచ్చాడు. లావుపాటి మనిషి, మంచి మాటకారి. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, రెండు సంచులు. అంతే ఆవిడ సామాను. మా ఆయనా అతనూ కలిసి మోసి కారు మీద కట్టారు. అత్తయ్య పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మా వంటగదిలో ఉంది.

మా ఆయన తాడు కోసం లోపలికి వెళ్ళాడు. మేనల్లుడు చెమట తుడుచుకుంటూ నాతో అన్నాడు: "ఏమనుకోకండి అక్కా, ఒక మాట. మీ ఇంట్లో ఏదైనా ఇబ్బంది వచ్చిందా?"

"ఇబ్బందేమిటి?"

"ఏం లేదు, మా అత్తని నేను ఎన్నేళ్ళు రమ్మన్నా రాలేదు. ఈ వేసవి మొదట్లో కూడా అడిగాను. నా ఇల్లు కిందివాళ్ళకే ఇచ్చేస్తున్నానురా, ఆ పై గదిలోనే ఉంటాను, ఇక నన్ను వదిలెయ్ అంది. మేం కూడా నిశ్చింతగా ఊరుకున్నాం. మొన్న ఉన్నట్టుండి ఫోను చేసి వచ్చి తీసుకెళ్ళమంది. ఎందుకని అడిగితే చెప్పదు."

ఆకుపచ్చ గోడలు గుర్తొచ్చాయి. నాకు ఈ చిన్నది చాలు. నేను తీస్తాను. ఉంటే మంచిదేగా. అన్నీ ఒక్కసారిగా, వరసలో నిలబడి వచ్చాయి.

వంటగదిలోకి పరిగెత్తాను. ఆవిడ పిల్ల జడ ముడి వేస్తోంది.

"అత్తయ్యా, మీరు వెళ్ళొద్దు. ఉండిపోండి. మాకు తెలియదత్తయ్యా, మీరు వెళ్ళాలనుకుంటున్నారనుకున్నాం" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆవిడ ముడి పూర్తి చేసింది. పిల్లని దింపింది. నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నేను ఇన్నాళ్ళు ఇంత బాధపడేదాన్ని కాదు. ఒక్క క్షణం నిజంగా సంతోషం కనిపించింది. ఆ తర్వాత ఆవిడ చూపు కిటికీలోంచి కారు మీదికి వెళ్ళింది. పరుపు కట్టేశారు. మేనల్లుడు టైరు తన్ని చూసుకుంటున్నాడు.

"ముందే అంటే బాగుండేదే" అంది మెల్లగా. "ఇప్పుడంటే ఎలా? వాడు కొట్టు మూసుకుని కారు వేసుకొచ్చాడు. ఇంటి దగ్గర వాడి పెళ్ళాం నాకోసం గది సర్ది పెట్టిందట. ఇప్పుడు రానంటే చిన్నబుచ్చుకుంటారు."

"నేను చెప్తాను వాళ్ళకి..."

"వద్దు. బాగుండదు."

బాగుండదు. మా బతుకుల్ని ఏలే మాట అది. నేను ఆవిడ కాళ్ళకి అడ్డం పడాల్సింది. తాడు విప్పి ట్రంకు పెట్టె దింపాల్సింది. నలుగురూ నవ్వితే నవ్వనివ్వాల్సింది. నేను చేసిందేమిటంటే, మేనల్లుడు ఏమనుకుంటాడో అని కళ్ళు తుడుచుకుని, దారిలో తాగడానికి సీసాలో నీళ్ళు పోసి ఇచ్చాను.

సంగతి విన్నాక మా ఆయన కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నేనే కదా అన్నాను, ఎవరూ ఉండరని" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన మాటలు తగ్గిపోయాయి. లిఫ్టు బాగుచేసి వచ్చి అన్నం తిని పడుకునేవాడు. పై కిటికీ గడికి నూనె వేశాడు. అయినా అది రాలేదు. పైకెత్తి తొయ్యాలని ఇద్దరికీ తెలుసు. ఎంత ఎత్తాలో ఆవిడకే తెలుసు.

పిల్ల ఆకుపచ్చ గదిలో బల్ల వేసుకోలేదు. దాన్ని ఎవరూ వద్దనలేదు, అదీ కావాలని అడగలేదు. మా పిల్లే కదా మరి.

చలికాలం మొదట్లో అత్తయ్య ఫోను చేసింది, మామూలు ఫోనుకి. వారానికి ఒకసారి మాట్లాడుకుంటూనే ఉన్నాం. అక్కడ బాగుందంటుంది. నేనూ ఇక్కడ బాగుందంటాను. ఆ రోజు అంది: "పై వాటా ఖాళీగా ఉంచితే గోడలు పాడవుతాయే. అప్పు కట్టాలి కదా మీరు. మా ఎక్స్ఛేంజీలో నాతో పనిచేసిన ఆవిడ కూతురు, అల్లుడు ఇల్లు వెతుక్కుంటున్నారు. మంచివాళ్ళు. మీకు చెప్తానని మాటిచ్చేశాను."

వద్దత్తయ్యా, అది మీది అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ మాటిచ్చేశానంది. నేను కాదంటే వాళ్ళ ముందు ఆవిడ మాట పోతుంది.

"మీరు చెప్పాక ఇంకేముంది అత్తయ్యా, రమ్మనండి" అన్నాను.

వాళ్ళు వచ్చారు. నిజంగానే మంచివాళ్ళు. రాగానే ఆ అమ్మాయి ఆకుపచ్చ గోడలు చూసి మురిసిపోయింది. చిన్న గదిలో గోడకి ఈ ఫోను ఏమిటని అడిగితే మా ఆయన స్క్రూలు విప్పి తెచ్చేశాడు. గోడ మీద నాలుగు చిల్లులు మిగిలాయి.

ఇప్పటికీ వారానికి ఒకసారి అత్తయ్య ఫోను చేస్తుంది. పిల్ల చదువు, నా షాపు, మోటారు, ఆవిడ మోకాళ్ళు, అన్నీ అవుతాయి. పైన అడుగుల చప్పుడు ఆవిడకి వినిపిస్తుందేమోనని నేను రిసీవరు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాను.

"సరేనే మరి" అంటుంది చివర్లో.

"సరే అత్తయ్యా" అంటాను.

తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడం. ఆవిడ పెట్టదు. అవతల ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. ఆ మేనల్లుడి ఇంట్లో, వాళ్ళు సర్ది పెట్టిన ఆ గదిలో, ఆవిడ రిసీవరు చెవికి ఆనించుకుని నా కోసం ఆగి ఉంటుంది. వచ్చేయండి అత్తయ్యా, పైవాళ్ళని వేరే ఇల్లు చూసుకోమంటాను, ఎవరేమనుకున్నా సరే అనడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నోరు తెరుస్తాను కూడా.

"అమ్మా, ఇవాళైనా పై అమ్మమ్మ ముందు పెట్టిందా?" అని అడుగుతుంది పిల్ల, పుస్తకంలోంచి తల తిప్పకుండా.

"లేదే" అంటాను. "నేనే పెట్టేశాను."